లీనా బతికున్న జిల్లా

రీమేక్ అంటే ఏమిటో మన జనానికి ఒకరు చెప్పనక్కర్లేదు. పక్క రాష్ట్రంలో ఆడిన సినిమాను తెచ్చుకుని, హీరోకి మీసం పెంచి, రెండు పాటలు కలుపుతారు. చూసొచ్చినవాళ్లలో సగం మంది "మొదటిదే బాగుంది" అంటారు. అలా అన్నవాళ్లలో సగం మంది మొదటిది చూసి ఉండరు. ఇన్నేళ్లుగా దీనివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. 'ఏడు దీపాలు' అనే వీడియో గేమ్ మూడోసారి రీమేక్ అయినప్పుడే ప్రభుత్వం కల్పించుకోవలసి వచ్చింది.

ఆ గేమ్ ఏదో పరాయి దేశంలో పుట్టింది. చీకటి కమ్మిన రాజ్యంలో ఒక వీరుడు ఊరూరా తిరిగి ఏడు దీపాలు వెలిగించాలి. ఆ వీరుడి వేషం మనదే. దారిలో కనిపించినవాళ్లను పలకరించాలి, అడిగిన సాయం చెయ్యాలి, అడ్డొచ్చిన గబ్బిలాలను కొట్టాలి. వెంట లీనా అనే అమ్మాయి వస్తుంది. దెబ్బ తగిలితే కట్టు కడుతుంది, దారి తప్పితే వెక్కిరిస్తుంది. పాతికేళ్ల కిందట అది మొదట వచ్చినప్పుడు మనుషులంతా తెర మీద బొటనవేలి గోరంత ఉండేవారు. మొదటి రీమేక్‌లో వాళ్లకు ముఖాలు వచ్చాయి. రెండోదాంట్లో గొంతులు వచ్చాయి. మూడోదాంట్లో గాలికి లీనా జుట్టు వెంట్రుక వెంట్రుకగా కదులుతుందని పత్రికల్లో రాశారు.

రాజధానిలో ఒక టీకొట్టు దగ్గర ఒక కుర్రాడు "పాతదే బాగుండేది" అన్నాడు. "నువ్వు పుట్టేనాటికే అది ఆగిపోయింది, నీకెట్టా తెలుసు" అన్నాడు పక్కవాడు. మాటా మాటా పెరిగి గ్లాసులు విసురుకున్నారు. ఇద్దరి స్నేహితులూ రోడ్డెక్కారు. అటుగా వెళుతున్న ఒక మంత్రిగారి కారు కాసేపు ఆగింది. సామాన్యుడు ఎన్నిసార్లు ఆగినా పుట్టని చట్టం, అలాంటి కారు ఒక్కసారి ఆగితే పుడుతుంది. కొద్ది రోజుల్లోనే 'గతకాల వినోద స్మృతుల ప్రామాణీకరణ మరియు నియంత్రణ మండలి' ఏర్పడింది. జనం దానికి జ్ఞాపకాల ఆఫీసు అని పేరు పెట్టుకున్నారు.

నిబంధన సులువైనదే. పాత గేమును నిజంగా ఆడినట్టు మండలి ముందు రుజువు చేసుకున్నవాళ్లు మాత్రమే "పాతదే బాగుండేది" అని నలుగురిలో అనవచ్చు. మిగిలినవాళ్లు "పర్వాలేదు" అనవచ్చు. నిట్టూర్పు సంగతి ఏమిటని కొందరు అడిగితే, ఇంట్లో విడిచే నిట్టూర్పుకు అనుమతి అవసరం లేదని తర్వాత వివరణ ఇచ్చారు.

మా పెదరావిపేటలో ఆ ఆఫీసుకు ఎక్కడా చోటు దొరక్క, మార్కెట్ యార్డులో పాత మిరపకాయల గోదాము ఇచ్చారు. కాయలు ఖాళీ చేసినా ఘాటు ఖాళీ కాలేదు. వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకూ కూర్చున్న కాసేపటికే కళ్లవెంట నీళ్లు కారేవి. జిల్లా స్మృతి అధికారిగా వచ్చిన పరాంకుశం గారు అది చూసి చలించిపోయి, "ఈ జిల్లా ప్రజల స్మృతులు మిక్కిలి ఆర్ద్రమైనవి" అని పైవాళ్లకు నివేదిక పంపారు.

పరాంకుశం గారు జన్మలో ఏ గేమూ ఆడలేదు. చిన్నప్పుడు గోలీలు కూడా ఆడలేదని ఆయనే చెప్పేవారు. అందుకే ఆయన నిష్పాక్షికంగా ఉంటారని ఏరి కోరి ఆ ఉద్యోగం ఇచ్చారు. ఆయన మాట్లాడితే ప్రభుత్వ ఉత్తర్వు చదివినట్టే ఉండేది. మంచినీళ్లు కావాలన్నా "పానయోగ్యమైన జలము సమర్పించబడవలెను" అనేవారు.

ఇక హైమావతి సంగతి. ఆమెది బస్టాండ్ రోడ్డులో కళ్లద్దాల షాపు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. ఎవరితోనైనా మెత్తగానే మాట్లాడుతుంది గాని, కొన్ని విషయాల్లో ఒక పట్టాన కదలదు. ఏడు దీపాలు అలాంటి విషయం. పదో తరగతి సెలవుల్లో నూర్ సైబర్ కేఫ్‌లో, ఒకే స్టూలు మీద స్నేహితురాలితో చెరిసగం కూర్చుని ఆమె ఆ గేమ్ ఆడింది. కరెంటు పోతే ఆడిందంతా పోయేది. మళ్లీ మొదటి ఊరి నుంచి మొదలుపెట్టాలి. అందువల్ల మొదటి ఊళ్లో ఏ తలుపు వెనక ఎవరుంటారో, బావి దగ్గర ముసలాయన ఏం చెబుతాడో ఆమెకు కంఠతా వచ్చేసింది. కొత్త సినిమా పాటలు వినబడుతున్నా, పక్క కంప్యూటర్ల దగ్గర పిల్లలు కొట్టుకుంటున్నా వాళ్లిద్దరికీ లోకం పట్టేది కాదు. తర్వాత కాలేజీ, ఆ తర్వాత నాన్న వదిలి వెళ్లిన షాపు. గేమ్ మళ్లీ చేతికి రాలేదు. మొదటి రెండు రీమేకులు వచ్చి వెళ్లిన సంగతి కూడా ఆమెకు తెలియదు.

మూడోది వచ్చిందని విని ఒక సాయంత్రం ఎలక్ట్రానిక్స్ షాపుకు వెళ్లింది. గోడంత టీవీలో ఆ గేమే ఆడించి చూపిస్తున్నారు. నాలుగో దీపం దగ్గర ఏరు, గాలివాన, నీళ్లలోంచి లేచిన నల్లపాము. లీనా వీరుడికి అడ్డం వెళ్లింది. పాము కాటేసింది. ఆమె పడవలోంచి నీళ్లలోకి జారిపోతుంటే సన్నగా వయొలిన్ మోగింది. జుట్టు నిజంగానే వెంట్రుక వెంట్రుకగా కదిలింది. తెర నల్లబడింది.

"తర్వాత?" అంది హైమావతి, షాపులో కుర్రాడితో.

"తర్వాతేముంది మేడమ్, చచ్చిపోద్ది. ప్రపంచమంతా ఏడ్చిన సీన్ ఇది."

"చచ్చిపోవడమేందయ్యా? పాతదాంట్లో చచ్చిపోదుగా. ఏట్లో పడిద్ది, అవతల ఒడ్డున తేలిద్ది. అయిదో దీపం ఊళ్లో రేవు పక్కన ఇడ్లీ కొట్టు పెట్టుకుంటది."

"ఇడ్లీ కొట్టా మేడమ్?"

"మనం పోయినప్పుడల్లా పెట్టేది. తింటే ఒంట్లో బలం మొత్తం తిరిగొచ్చేది. ఇదంతా పాడుచేసి పెట్టారు. పాతదే బాగుండేది."

పక్కన చార్జర్ వైర్లు తిప్పి తిప్పి చూస్తున్న సన్నటి మనిషి ఇటు తిరిగాడు. చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా అన్నాడు.

"అమ్మా, నా పేరు యేసుపాదం. జ్ఞాపకాల ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ని. తమరిప్పుడు ఒక మాటన్నారు. దానికి పర్మిషన్ ఉందా అమ్మా?"

మర్నాడు ఆమె గోదాములో పరాంకుశం గారి ఎదుట కూర్చుంది. ఆయన దగ్గర పాత గేమ్ కథంతా ప్రభుత్వం అచ్చువేయించిన పుస్తకంలో ఉంది. ఒక్కొక్క ప్రశ్నే అడిగారు. మొదటి ఊరి బావి, రెండో దీపం దగ్గరి తాళం, మూడో దీపం గుహలో గబ్బిలాలు, అన్నీ ఆమె తడుముకోకుండా చెప్పింది. పరాంకుశం గారి ముఖం విప్పారింది. తర్వాత నాలుగో దీపం వచ్చింది. ఆమె ఇడ్లీ కొట్టు గురించి చెప్పింది.

పరాంకుశం గారు పుస్తకం వెనక్కీ ముందుకూ తిప్పారు.

"సదరు లీనా అను ఆమె నాలుగవ దీపము వద్ద మృతి చెందినట్లు ఇందు స్పష్టముగా ఉన్నది."

"ఏమోనండీ, నేను చూసింది నేను చెప్పాను."

"మీరు చూసినదానిని మీరు సరిగా చూడలేదని మండలి భావించుచున్నది."

"కళ్లద్దాల షాపండీ నాది. చూపు బాగానే ఉంది."

ఆయన ఆమెకు 'స్మృతి కల్తీ' అనే నేరం కింద నోటీసిచ్చి, సవరణ శిక్షణకు పంపారు.

శిక్షణ గోదాము వెనక గదిలో. నేర్పేది యేసుపాదమే. అతను మనసులో మంచివాడు, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేదు. తెర మీద లీనా చనిపోయే దృశ్యం వేసి, ఆపి, సర్క్యులర్ చూసి చెప్పేవాడు.

"ఇప్పుడు మనమంతా బాధపడాలండీ."

"ఎట్టా బాధపడనయ్యా," అంది హైమావతి. "ఆ పిల్ల బతికే ఉందని తెలుసుగా."

"తెలిసినా పడాలమ్మా. తగు మోతాదులో అని ఉంది ఇందులో."

ఆ గదిలో ఆమె ఒక్కతే కాదు. బస్సు కండక్టరు ఉన్నాడు, బ్యాంకులో పనిచేసే ఆవిడ ఉంది, పళ్ల డాక్టరు ఉన్నాడు. అందరూ మా ఊరివాళ్లే, అందరూ ఇడ్లీ కొట్టు మాట అని పట్టుబడ్డవాళ్లే. మొదట్లో ఒకరి ముఖం ఒకరు చూడ్డానికి సిగ్గుపడ్డారు. తర్వాత మాటలు కలిశాయి. ఇడ్లీ పక్కన చట్నీ ఏమిటన్న దగ్గర వాదన మొదలైంది. తెర మీద అది ఒక పచ్చటి చుక్క. కొత్తిమీర చట్నీ అన్నాడు కండక్టరు. కాదు, గోంగూర అన్నాడు డాక్టరు. బ్యాంకావిడ ఏమీ అనకుండా, ఆ రేవు దగ్గర మోగే సంగీతాన్ని సన్నగా ఈల వేసి వినిపించింది. వాదన అక్కడితో ఆగింది. యేసుపాదం కూడా సర్క్యులర్ కింద పెట్టి విన్నాడు. రోజురోజుకీ కొత్తవాళ్లు చేరి గది చాలక శిక్షణ యార్డులోని రేకుల షెడ్డుకు మారింది. ఒక్కరి జ్ఞాపకమూ సవరణ కాలేదు.

పరాంకుశం గారు ఆలోచించి, ఇది వ్యక్తిగత భ్రాంతి కాదని, ప్రాంతీయ కల్తీ అని తేల్చారు. కల్తీ అన్నాక కలిపినవాడు ఉండాలి. ఎక్కడ ఆడారని ఎవరిని అడిగినా నూర్ సైబర్ కేఫ్ పేరే చెప్పారు. దాని యజమాని షేక్ మస్తాన్‌వలికి సమన్లు వెళ్లాయి. జ్ఞాపకాల కల్తీకి జైలుశిక్ష అని మొదటిసారి అప్పుడే ఊరివాళ్లకు తెలిసింది. అప్పటిదాకా దీన్ని తమాషాగా తీసుకున్నవాళ్లు గొంతు తగ్గించారు.

హైమావతి పరుగున మస్తాన్‌వలి దగ్గరికి వెళ్లింది. కేఫ్ మూతపడి చాలా కాలమైంది. అదే గదిలో ఆయన ఇప్పుడు మిక్సీలు బాగుచేస్తాడు. గడ్డం నెరిసింది.

"అన్నా, నువ్వేనా మార్చింది?"

"నేనేనమ్మా. ఏదో పుస్తకంతోపాటు సీడీ వచ్చింది, అందులో ఎట్టా మార్చాలో ఉంది. మాటలన్నీ తెలుగులో పెట్టా. ఆ పిల్లని బతికించా."

"ఎందుకన్నా?"

మస్తాన్‌వలి మిక్సీ జారు తుడిచి పక్కన పెట్టాడు.

"నిజం చెప్పమంటావా. ఆ పిల్ల చావగానే పిల్లకాయలు ఏడ్చుకుంటా ఇళ్లకి పోయేవాళ్లు. మళ్లీ వచ్చేవాళ్లు కాదు. షాపు నడవాలిగా. అదొకటి. రెండోది, నేను కూడా ఆడి చూశా. నాకూ మనసొప్పలా. ఏం చేసిందమ్మా ఆ పిల్ల పాపం? పొద్దస్తమానం వాడి వెంట తిరిగి కట్లు కట్టింది. ఒక కొట్టు పెట్టుకుని తన బతుకు తాను బతికితే ఎవుడికి నష్టం?"

"ఇప్పుడు నీకొచ్చింది నష్టం."

"అందుకే చెబుతున్నా హైమమ్మా. విచారణలో నిన్నే ముందు పిలుస్తారంట. చచ్చిపోయిందని చెప్పు. మిగతావాళ్లు కూడా నీ వెనకాలే చెబుతారు. అందరూ చచ్చిపోయిందంటే నేను కలిపింది ఏమీ లేదని తేలిద్ది. ఒక్క మాటేగా."

"ఒక్క మాటే అన్నా," అంది హైమావతి. ఇంటికి వెళ్లి అద్దం ముందు నిలబడి ఆ మాట చాలాసార్లు అనుకుంది. అద్దం ముందు బాగానే వచ్చింది.

విచారణ రోజు గోదాము కిటకిటలాడింది. మస్తాన్‌వలి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని ఒక పక్కగా నిలబడ్డాడు. హైమావతిని పిలిచారు.

"నాలుగవ దీపము వద్ద ప్రమాదమునకు గురైన పిమ్మట, సదరు లీనా పరిస్థితి ఏమి?" అన్నారు పరాంకుశం గారు.

"చని..." అంది హైమావతి. మస్తాన్‌వలి కేసి చూసింది. ఆయన తల ఊపాడు. "చని..." అంది మళ్లీ. ఆ సెలవుల్లో ఏరు దాటిన రోజు ఆమెకు కళ్లముందు ఆడింది. లీనా నీళ్లలో పడగానే స్నేహితురాలు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఊపిరి బిగపట్టి అయిదో ఊరిదాకా నడిపారు. అక్కడ రేవు పక్కన గోరంత లీనా, పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ స్టూలు మీది నుంచి కిందపడేంతగా నవ్వారు. 

"బతికే ఉందండీ," అంది హైమావతి. "నన్ను క్షమించు అన్నా. ఆ మాట నా నోట రావట్లేదు."

తర్వాత కండక్టరు వచ్చాడు. బతికే ఉందన్నాడు. డాక్టరు, బ్యాంకావిడ, షెడ్డులో ఉన్నవాళ్లంతా వరసగా వచ్చి అదే చెప్పారు. మస్తాన్‌వలి అక్కడే ఉన్న బస్తా మీద కూలబడ్డాడు.

పరాంకుశం గారు చట్టం తెరిచారు. ఆయన ఏ నిబంధననూ సగం చదివి వదిలే మనిషి కాదు. చివరి పేజీల్లో ఒక వాక్యం ఉంది. ఒక ప్రాంతమున నివసించు ఆటగాళ్లలో అత్యధికుల స్మృతియే ఆ ప్రాంతపు ప్రామాణిక స్మృతి అగును. రాసినవాళ్లు ఏమనుకుని రాశారో గాని, అచ్చయింది. ఆయన రెండుసార్లు చదివి, గొంతు సవరించుకుని, తీర్పు చెప్పారు.

"లీనా ఈ జిల్లా పరిధిలో సజీవురాలుగా ప్రకటించడమైనది. జిల్లా సరిహద్దు దాటిన ఉత్తరక్షణమే ఆమె మరణించినట్లు భావించవలెను."

ఉత్తర్వు అమలు చెయ్యాలి గనక సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బోర్డు పెట్టారు. 'ఇక్కడి నుండి లీనా లేరు.' అటుగా వెళ్లే లారీ డ్రైవర్లు ఎవరో పెద్ద నాయకురాలు పోయిందనుకుని కాసేపు హారన్ కొట్టకుండా వెళ్లేవారు.

ఊరివాళ్లు కేసు కొట్టేసినట్టే అనుకున్నారు. కాని పరాంకుశం గారు అలా అనుకోలేదు. ఆయన లెక్క ఆయనకుంది. ఒక వ్యక్తి మరణాన్ని ఆ వ్యక్తి అనుమతి లేకుండా మార్చారన్నది అభియోగం. ఆ వ్యక్తి చనిపోయి ఉంటే వేరు. బతికి ఉన్నప్పుడు ఆమె మాట వినకుండా ముద్దాయిని శిక్షించడమూ కుదరదు, వదలడమూ కుదరదు.

"ప్రధాన సాక్షి సజీవురాలై ఉండగా ఆమె వాంగ్మూలము నమోదు చేయకుండుట సహజ న్యాయసూత్రములకు విరుద్ధము," అన్నారు. లీనా పేరున సమన్లు తయారయ్యాయి. చిరునామా: ఇడ్లీ కొట్టు, రేవు పక్కన, అయిదవ దీపము ఊరు.

అందజేసే బాధ్యత యేసుపాదానికి పడింది. అక్కడికి చేరాలంటే గేమ్ ఆడుకుంటూ వెళ్లడం తప్ప దారి లేదు. మస్తాన్‌వలి అటక మీద ఉన్న పాత కంప్యూటర్‌ను సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని గోదాముకు తెచ్చారు. అది ఎవరు నొక్కినా వెలగలేదు. మస్తాన్‌వలి వచ్చి పక్కన ఒక దెబ్బ వేస్తేనే వెలిగేది. అందుకని ముద్దాయి రోజూ ఆఫీసు వేళకు హాజరై యంత్రం వెలిగించి వెళ్లాలని ఉత్తర్వు వేశారు.

యేసుపాదం ఎన్నడూ గేమ్ ఆడినవాడు కాదు. మొదటి ఊళ్లోనే చాలా రోజులు ఉండిపోయాడు. ప్రతి తలుపూ తట్టి, తాను మండలి తరఫున వచ్చానని పైకి చెప్పేవాడు. ఎంత చెప్పినా బావి దగ్గర ముసలాయన "బాబూ, ఉత్తరాన చీకటిగా ఉంది" అనేవాడు. ఆ మాటను యేసుపాదం వాంగ్మూలంగా రాసుకున్నాడు. మూడో దీపం గుహలో పదే పదే చచ్చిపోయాడు. వారం నివేదికలో "గబ్బిలముల బెడద వలన విధి నిర్వహణలో మరణించితిని. తిరిగి ప్రయత్నించుచున్నాను" అని రాశాడు. పై ఆఫీసు అతని కుటుంబానికి సానుభూతి తెలుపుతూ ఉత్తరం పంపింది. యేసుపాదం భార్య దాన్ని చూసి ఆఫీసుకు వచ్చి, మొగుణ్ని చూసుకుని, తిట్టి వెళ్లింది.

మస్తాన్‌వలి చూడలేకపోయాడు.

"అయ్యా, కత్తి తీయబాకండి. ముందు దివిటీ వెలిగించండి. గబ్బిలాలు అవే పోతాయి."

"ముద్దాయి సలహా తీసుకోవచ్చాండీ?" అన్నాడు యేసుపాదం, పరాంకుశం గారి వైపు తిరిగి.

"ముద్దాయి సలహాదారుగా ఉండరాదని ఎచ్చటనూ లేదు," అన్నారు ఆయన. పర్యవేక్షణ కోసమని ఆయన కుర్చీ కూడా అక్కడికి చేరింది. హైమావతి మధ్యాహ్నం షాపు మూసి, అన్నం క్యారియరు పట్టుకుని వచ్చేది. షెడ్డులో శిక్షణ పొందుతున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడేవారు. శిక్షణ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు.

వానలు మొదలయ్యే రోజుల్లో యేసుపాదం నాలుగో దీపం దగ్గరికి చేరాడు. పాము లేచింది. గోరంత లీనా అడ్డం వెళ్లింది, నీళ్లలో పడింది. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఏమయ్యా, ఈ జిల్లాలో బతికే ఉందని మనమే కదా ఉత్తర్వు ఇచ్చింది?"

"ఇచ్చామండి."

"మరి మునిగిపోతోందేమిటి?"

ఆయన మామూలు తెలుగు మాట్లాడగా వినడం ఊళ్లో అందరికీ అదే మొదలు. హైమావతి మెల్లగా, "కొంచెం ఓపిక పట్టండి సార్" అంది.

యేసుపాదం ఏరు దాటాడు, బురదదారి దాటాడు, అయిదో ఊరి రేవుకు వచ్చాడు. పొయ్యి వెనక లీనా నిలబడి ఉంది. తల పక్కన చిన్న పొగ. పరాంకుశం గారు కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నారు. మిరపఘాటు అనుకోవడానికి లేదు, వాన వల్ల ఆ రోజు ఘాటు లేదు.

అయితే సమన్లు ఇవ్వడానికి వీల్లేకపోయింది. లీనా ముందు నిలబడితే తెర మీద మూడే జవాబులు వస్తాయి. 'ఇడ్లీ తింటాను', 'తర్వాత వస్తాను', 'సెలవు'. సమన్లు ఇచ్చే జవాబు లేదు. యేసుపాదం ఆలోచించి 'తర్వాత వస్తాను' నొక్కాడు. విషయం పై ఆఫీసుకు రాస్తే, అవసరమైన సదుపాయం గేములో కల్పించుకోవలసిందని ఆదేశం వచ్చింది. కల్పించడం తెలిసిన మనిషి ఒక్కడే.

"అయ్యా," అన్నాడు మస్తాన్‌వలి, "మార్చాననేగా నా మీద కేసు. మళ్లీ మార్చమంటారా?"

"అప్పుడు మీరు చేసినది స్వంత పూచీపై చేసిన మార్పు. ఇది ప్రభుత్వ ఉత్తర్వుపై చేయు మార్పు. మొదటిది కల్తీ. రెండవది ఆధునికీకరణ."

మస్తాన్‌వలి పని మొదలుపెట్టాడు. చేతులు మిక్సీలకు అలవాటుపడిపోయాయి, పాత విద్య తిరిగి రావడానికి కొంత కాలం పట్టింది. నాలుగో జవాబు పెట్టాడు. దానికి లీనా ఏమనాలన్నది తేలలేదు. హైమావతిని అడిగాడు.

"వస్తానంటే వచ్చి సాక్ష్యం చెప్పాలి. నా మాటే ఆ పిల్ల నోట పెట్టానంటారు. రానంటే వారంటు. ఏం పెట్టనమ్మా?"

హైమావతి తెర వైపు చూసింది.

"ఆ పిల్ల రానని అనదన్నా. కొట్టు మూసి మాత్రం రాదు. అదే అడిగించు."

మర్నాడు అందరి ముందూ యేసుపాదం 'సమన్లు అందజేస్తాను' నొక్కాడు. లీనా తల పైన మాటలు వచ్చాయి. "వస్తాను. అందాకా కొట్టు ఎవరు చూసుకుంటారు?"

పరాంకుశం గారు చదివారు. "న్యాయమైన ప్రశ్న," అన్నారు. సాక్షి జీవనోపాధికి భంగం కలగకుండా చూసే బాధ్యత మండలిదేనని ఆయనే నిబంధన వెతికి తీశారు. యేసుపాదాన్ని ఆ కొట్టుకు డిప్యుటేషన్ మీద నియమిస్తూ ఉత్తర్వు వేశారు. మస్తాన్‌వలి పొయ్యి వెనక గోరంత యేసుపాదాన్ని గీశాడు. సన్నగా, చేతులు కట్టుకుని, అచ్చం అతనిలాగే ఉన్నాడు. తన బొమ్మను చూసుకుని యేసుపాదం, "చట్నీ ఏందో ముందు ఖాయం చెయ్యండయ్యా, వచ్చినవాళ్లకి నేను సమాధానం చెప్పుకోవాలి" అన్నాడు.

లీనా పొయ్యి వదిలి రేవు మెట్లు దిగింది. పడవెక్కింది. పడవ తెరకు అడ్డంగా వెళ్లి, కుడి అంచు దాటి కనబడకుండా పోయింది. గోదాములో అందరూ ఆ అంచు వైపే చూస్తూ ఉండిపోయారు. ఇరవై ఏళ్లు దాటాక ఆ గేములో హైమావతికి తెలియనిది ఒకటి జరిగింది.

పరాంకుశం గారు రాయించారు. "సాక్షి బయలుదేరినది. మార్గమధ్యమున ఉన్నది. విచారణ వాయిదా."

బయటికి వచ్చాక హైమావతి అడిగింది. "ఆ పక్క ఏముందన్నా?"

"ఇంకా ఏమీ పెట్టలేదమ్మా. నలుపే."

"పెట్టబాక."

"పిచ్చిదానా, పెడతానా? పెడితే వచ్చేస్తది," అన్నాడు మస్తాన్‌వలి. "వస్తే నేను లోపలికి పోవాలి."

హైమావతికి ఆ తర్వాత అనుమతి వచ్చింది. ఈ జిల్లాలో ఎక్కడైనా "పాతదే బాగుండేది" అనవచ్చు. ఇంతవరకు ఆమె ఆ మాట అన్నట్టు ఎవరూ వినలేదు. షాపుకు వచ్చినవాళ్లు పాతదా కొత్తదా అని కదిలిస్తే, "పాతది ఇంకా అవలేదుగా, అయ్యాక చెబుతా" అంటుంది.

వాయిదా రోజున ఊరు సగం గోదాములో ఉంటుంది. మస్తాన్‌వలి యంత్రానికి దెబ్బ వేసి వెలిగిస్తాడు. యేసుపాదం రేవు దాకా వెళ్లి, తన బొమ్మ దగ్గర ఇడ్లీ తిని, ఏటి వైపు చూసి వస్తాడు.

"సాక్షి ఎక్కడిదాకా వచ్చింది?" అని పరాంకుశం గారు అడుగుతారు.

"దారిలోనే ఉందండి," అంటాడు యేసుపాదం.

మొన్నటి వాయిదాలో ఆయన కలం కింద పెట్టారు. బయట రేకుల మీద వాన గట్టిగా పడుతోంది.

"ఏరు పొంగి ఉంటుంది," అన్నారు. "తొందరేమీ లేదు, నిదానంగానే రమ్మను."